కట్టు

తెలుగులో పాట రాయడం వేరు, పాట కట్టడం వేరు. రాసేవాడికి కాగితం కావాలి, కట్టేవాడికి అక్కర్లేదు. “వాడి మీద ఊళ్లో పాట కట్టారు” అన్నామంటే ఆ పాటకి రాతప్రతి ఎక్కడా దొరకదు, మొదట అన్నది ఎవరో తేలదు, తెల్లారేసరికి మాత్రం చెరువుగట్టు దాకా పాకిపోతుంది. తెలంగాణలో “పాట కట్టిండు” అన్నప్పుడు కూడా మనసుకి వచ్చేది కలం పట్టుకున్న మనిషి కాదు, గొంతెత్తిన మనిషే. సినిమావాళ్లు బాణీ కడతారు, భజనగోష్ఠివాళ్లు వరస కడతారు. ఎక్కడ చూసినా ఈ మాట రాతకి ఇవతలే ఉంటుంది, నోటికీ చేతికీ దగ్గరగా.

అలాంటప్పుడు, వేళ్లకి అప్పటికప్పుడు తోచినట్టు వినిపించే సంగీతాన్ని చుక్క కూడా వదలకుండా కాగితం మీద పెట్టేసిన మనిషిని ఏమనాలి? రాశాడనాలా, కట్టాడనాలా? కొన్నాళ్లుగా నన్ను పట్టుకున్న ఈ ప్రశ్నకి కారణం నికొలాయ్ కపూస్తిన్.

1937 నవంబరు 22న దొన్‌బాస్ బొగ్గుగనుల మధ్య గోర్లోవ్కాలో పుట్టాడు. ఇప్పుడది ఉక్రెయిన్. మాస్కోలో మొదట అవ్రేలియన్ రుబాఖ్ దగ్గర, తరవాత కన్సర్వేటరీలో అలెగ్జాండర్ గోల్డెన్‌వైజర్ దగ్గర పియానో నేర్చుకున్నాడు. గోల్డెన్‌వైజర్ టాల్‌స్టాయ్ ఇంటికి వెళ్లి పియానో వాయించి, ఆయనతో చదరంగం ఆడిన మనిషి. అంత పాతకాలపు గురువు చేతికింద చదువుతూనే కుర్రాడికి జాజ్ పిచ్చి పట్టింది. 1957లో మాస్కోలో ప్రపంచ యువజనోత్సవం జరిగినప్పుడు యూరీ సౌల్‌స్కీ బ్యాండుతో తన మొదటి రచన, ఒక కన్చెర్టీనో, తానే వాయించాడు. 1961లో చదువు పూర్తిచేసి నేరుగా ఒలెగ్ లుండ్‌స్ట్రెమ్ బిగ్ బ్యాండులో చేరాడు, పదకొండేళ్లున్నాడు. ఆ బ్యాండుదీ ఒక కథే. 1934లో చైనాలోని హార్బిన్‌లో రష్యన్ కుర్రాళ్లు పెట్టుకున్న జట్టది. 1947లో సోవియట్ దేశానికి తరలివచ్చి, ముందు కజాన్‌లో తలదాచుకుని, తరవాత మాస్కో చేరింది. జట్టు కట్టడం అంటే అది.

ఇన్నేళ్లు జాజ్ బ్యాండులో కూర్చున్నవాడు, తాను జాజ్ సంగీతకారుణ్ణి కాదని జీవితాంతం చెబుతూ వచ్చాడు. ఆయన వాదన సారాంశం ఇంతే: నాకు ఆశువు మీద ఆసక్తి లేదు, ఆశువు లేని జాజ్ మనిషి ఎక్కడైనా ఉంటాడా? నా ఆశువంతా రాసిందే, రాయడం వల్ల అది బాగుపడింది కూడా.

జాజ్ అనే మాటకే పుట్టుక తేలలేదు. అచ్చులో మొదట కనబడేది సంగీతంలో కాదు, బేస్‌బాల్ ఆటలో. 1912లో లాస్ ఏంజెలెస్ పత్రికలో బంతి విసిరే ఆటగాడొకడు తన వంకరబంతికి ఆ పేరు పెట్టుకున్నాడు. మరుసటేడు శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో ఉత్సాహం, చేవ అన్న అర్థంలో వాడారు. షికాగోలో వాద్యగాళ్లకి అంటుకున్నది 1915 ప్రాంతంలో. ఊరూ పేరూ లేని ఈ మాటని 2000లో అమెరికన్ డయలెక్ట్ సొసైటీవాళ్లు ఇరవయ్యో శతాబ్దపు పదంగా ఎంచుకున్నారు. కట్టిన పాట లాగే ఇదీ. ఎవరు అన్నారో తెలీదు, గట్టు దాకా పాకిపోయింది.

అప్పటికప్పుడు వాయించడాన్ని ఇంగ్లీషువాళ్లు ఇంప్రొవైజేషన్ అంటారు. లాటిన్ మూలం చూస్తే ‘ముందు చూడనిది’ అని. సంస్కృతంలో ఆశు అంటే వేగం. వాళ్లకి ముఖ్యం ముందు చూపు లేకపోవడం, మనకి ముఖ్యం వేగం. ఇది చిన్న తేడా కాదు. మన ఆశుకవి అంతకుముందు చూశాడా లేదా అని ఎవరూ పట్టించుకోరు, ఎంత త్వరగా చెప్పాడన్నదే లెక్క. అవధానంలో చూడండి. నిషిద్ధాక్షరి, దత్తపది, సమస్య అంటూ పృచ్ఛకులు నాలుగు వైపుల నుంచీ కట్టేస్తారు. ఆ కట్ల మధ్య నుంచే పద్యం జారుకుని రావాలి. ఛందస్సు వేసే కట్టు ఎలాగూ ఉంది. కట్టు లేకుండా ఆశువు అన్నది మనవాళ్ల ఊహలోనే లేదు.

రష్యన్‌లో సంగీతం కూర్చడానికి క్రియ సచిన్యాత్. అందులో ఉన్న ‘చిన్’ అంటే క్రమం, హోదా, వరస. మనం వరస కట్టడం అంటాం కదా, అక్కడా ఆ వరసే కూర్చుంది. ఇంకో పోలిక ఉంది. ఆ క్రియకే వాడుకలో ‘కల్పించి చెప్పడం, కోతలు కోయడం’ అన్న అర్థం కూడా వచ్చింది. మన కట్టుకథ, కట్టుమాట ఏ దారిన వచ్చాయో అదీ ఆ దారినే వచ్చింది. జోడించగలిగినవాడు అబద్ధమూ జోడించగలడని రెండు భాషలకీ విడివిడిగా తోచిందన్నమాట. ఆ క్రియ నుంచి పుట్టిన నామం సచినేనియె. సోవియట్ ముద్రణల్లో ఓపస్ సంఖ్యకి ముందు పొట్టిగా వేసేది దాన్నే. కపూస్తిన్ ఓపస్‌లు 161. అంటే నూట అరవై ఒక్క కట్టడాలు, కావాలంటే నూట అరవై ఒక్క కోతలు.

కంపోజ్ అన్న మాటకి లాటిన్ మూలంలో ‘కలిపి పెట్టడం’ అని అర్థం. మన పెద్దలకి ఆ మాట సంగీతం ద్వారా కాక ప్రెస్సు ద్వారా వచ్చింది. కంపోజింగు అంటే సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చడం. పేజీ పూర్తయ్యాక చెదిరిపోకుండా చుట్టూ పురికొస కట్టేవారు. ఆ ఒక్క ముడి వేసేదాకా అది పేజీ కాదు, సీసం కుప్ప.

కపూస్తిన్ బిగ్ బ్యాండు వదిలాక పన్నెండేళ్లు కొలువుల్లోనే గడిపాడు, చివర్లో సినిమా సంగీతపు వాద్యబృందంలో. 1980లో కంపోజర్ల సంఘం సభ్యత్వం వచ్చింది. 1984లో ఉద్యోగం మాని కూర్చుని రాశాడు. ఆ ఏడే ఎనిమిది కచేరీ ఎట్యూడ్లు, ఓపస్ 40, వాటి వెనకే వేరియేషన్లు, ఓపస్ 41. ఆయన్ని ఒక్కటే విని తేల్చుకోవాలంటే రెండోది వినమంటాను. స్ట్రవిన్‌స్కీ ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ మొదట్లో బసూన్ ఒంటరిగా ఎత్తుకునే మెలిక ఒకటుంది. 1913లో పారిస్‌లో దాని తొలి ప్రదర్శనకి సభలో రభస జరిగింది. ఆ మెలికనే కపూస్తిన్ తీసుకొచ్చి, రాత్రి పొద్దుపోయాక వాయించే పియానో ముందు కూర్చోబెట్టాడు. ఎడమచెయ్యి నడక మొదలెడుతుంది, కుడిచెయ్యి తాళానికి కాస్త ముందో కాస్త వెనకో పడుతుంది. మనం అతీతం, అనాగతం అంటాం చూడండి, అలాంటి ఎత్తుగడలే వరసగా. వినేవాడు, ఈ మాట ఇతనికి ఈ క్షణమే తోచింది అనుకుంటాడు. పుట చూస్తే ప్రతి ఊనికకీ గుర్తు, ప్రతి విరామానికీ కొలత.

దీనికి తెలుగులో మాట ఉంది. కనికట్టు. కంటికి కట్టు వేసి లేనిది చూపించడం. చెవికి వేస్తే ఏమనాలో నిఘంటువుల్లో లేదు, చెవికట్టు అనుకుందాం. బ్రౌన్ 1852 నిఘంటువు తీసినా, శబ్దరత్నాకరం తీసినా కట్టు దగ్గర వేలు ఆగిపోతుంది, అన్ని అర్థాలు. ఇల్లు కడతాం, పందెం కడతాం, పన్ను కడతాం, వేషం కడతాం, గజ్జె కడతాం. చేలోకి కాలవ మళ్లించడాన్ని కూడా నీళ్లు కట్టడం అంటాం. నీళ్లని కట్టడమేమిటి? గండి తెరిచి పారనివ్వడం కదా అది! అయినా కట్టడమే అంటాడు రైతు. ఏ మడిలోకి ఎంత పారాలో తేల్చేది గట్టే కాబట్టి, పారకాన్ని కూడా ఆ మాటతోనే చెప్పుకున్నాడు. నాటకం బాగా వస్తే రక్తి కట్టింది అంటాం. అక్కడ కట్టేవాడు కూడా ఉండడు. పాల మీద మీగడ కట్టినట్టు దానంతటది కడుతుంది. తమిళంలో, కన్నడంలో కూడా ఇదే ధాతువు. ఇంత పాత మాట కాబట్టే ఇన్ని పనులకి పోయి వచ్చింది.

ఆయన ఇంటిపేరు కూడా ఈ దోవలోనే తగులుతుంది. రష్యన్‌లో కపూస్తా అంటే క్యాబేజీ. ఆకు మీద ఆకు ముడుచుకుని గడ్డ కట్టే కూర. ఆయన స్వరపుట ముందు పెట్టుకున్నవాళ్లకి ఈ వేళాకోళం అర్థమవుతుంది. పొర విప్పితే ఇంకో పొర. 1977లో రాసిన ‘పాత పద్ధతిలో సూట్’ విప్పితే పైన జాజ్, లోపల ఆలెమాండ్, గావొట్, సారాబాండ్, బూరే, జీగ్, అంటే బాఖ్ నాటి నాట్యాల వరస. 1997లో ఇరవై నాలుగు ప్రెల్యూడ్లూ ఫ్యూగులూ రాశాడు. ఫ్యూగ్ అంటే లాటిన్‌లో పారిపోవడం. ఒక గొంతు ముందు పారిపోతుంటే మిగతావి తరుముకొస్తాయి. పారిపోయేదాన్ని కూడా కట్టి చూపించడం ఆ ప్రక్రియ లక్షణం.

ఆయన్ని పూర్తిగా వెనకేసుకురాలేను. ఎట్యూడ్లు మూడోదానికి వచ్చేసరికి నా చెవికి కాస్త గాలి కావాలనిపిస్తుంది. నిజమైన జాజ్‌లో మనిషి తడబడతాడు, దారి తప్పి ఒక స్వరం దగ్గర తచ్చాడతాడు, ఆ తచ్చాట నుంచే ఒక్కోసారి పువ్వు పూస్తుంది. కపూస్తిన్‌లో తచ్చాట లేదు. ఉంటే అదీ రాసినదే. ఇరవై సొనాటాలు, ఆరు పియానో కన్చెర్టోలు అలా ఒత్తుగా కట్టుకుంటూ పోయాడు. సోవియట్ దేశం బయట చాలాకాలం ఆయన పేరు పెద్దగా ఎవరికీ తెలీదు. 2000లో స్టీవెన్ ఆజ్‌బోర్న్, 2004లో మార్క్-ఆండ్రే హామ్లాన్ రికార్డు చేశాకే పియానో విద్యార్థుల నోళ్లలో పడ్డాడు. ఇప్పుడు పోటీల్లో ఆయన ఎట్యూడ్లు వాయించే కుర్రాళ్లకి కొదవలేదు. రాసిపెట్టాడు కాబట్టే వాయించగలుగుతున్నారు. ఆశువు అయితే ఆయనతో పాటే 2020 జూలై 2న మాస్కోలో పోయేది.

మొన్న శ్రావణ శుక్రవారం ముందు రోజు సాయంత్రం మా మేనత్త వసారాలో మల్లెమొగ్గలు కడుతోంది. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, కాడలు కలిపి పట్టి, దారాన్ని వేలి మీద మెలివేసి కాడల మీదకి దించి లాగడం. లాగినప్పుడు చిన్న టక్కు. మళ్లీ రెండు, మళ్లీ రెండు. చూపు మాత్రం వీధి మీద, మాట పక్కింటావిడతో. నేను ఫోనులో ఎవరో కుర్రాడు వాయిస్తున్న మొదటి ఎట్యూడ్ పెట్టి, చేతులు కనిపించేలా ఆమె ముందు పట్టుకున్నాను.

“అత్తా, ఇది ముందే కట్టుకుని వచ్చాడంటావా, అక్కడికక్కడ వాయిస్తున్నాడంటావా?”

ఆమె దారం ఆపలేదు. కాసేపు ఆ వేళ్ల వంక చూసింది.

“చేతులు ఎక్కడా వెతుక్కోవట్లేదు కదరా,” అంది. “ఆ రెండో దారపుండ ఇటు పడెయ్యి.”