గుండ్లకమ్మ దాకా రాని సొమ్ము

ఆ సొమ్ము రాలేదు. నల్లమలలో పుట్టి వినుకొండ సీమ మీదుగా సాగిపోయే గుండ్లకమ్మ వెంట నూజెండ్ల మిరపచేలకు చేరవలసిన మంచిరోజు ఒకటి దారిలోనే ఆగిపోయింది. అది ఎక్కడెక్కడ ఆగిందో తలచుకుని బాధపడటమే ఇక మనకు మిగిలింది.

2018 జూన్‌లో ఆ ఆశ ఎంత నిండుగా పుట్టిందో! ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం, బీఎన్‌పీ పారిబా బ్యాంకు, ప్రపంచ అగ్రోఫారెస్ట్రీ కేంద్రం కలిసి నిలబెట్టిన ‘సస్టైనబుల్ ఇండియా ఫైనాన్స్ ఫెసిలిటీ’ ఆంధ్రప్రదేశ్‌కు అండగా ఉంటుందన్నారు. 2024 నాటికి 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లలో, రసాయనం ముట్టని సేద్యం చేస్తారన్నారు. అందుకు కావలసింది 230 కోట్ల డాలర్లని లెక్క కట్టారు. నేలనూ నీటినీ చెట్టునూ కాచే రైతుకు లోకం పెట్టుబడి పెడుతుందన్న మాట అది. ఎంత అందమైన మాట!

దారి తెలియక తప్పిపోయామా అంటే, అదీ కాదు. 2003లోనే అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండుల ఊరు ఆ దారి చూపింది. డీజిల్ బదులు కానుగ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్‌కు వెలకట్టి, ప్రపంచ బ్యాంకు అక్కడి మహిళా సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. చిన్న మొత్తమే. కానీ చెట్టు చేసిన మేలుకు ప్రతిఫలం, ఆ చెట్టు కింద గింజలేరే చేతుల్లోకే వచ్చింది. ఆ ఒక్క ఊరిని పట్టుకుని వంద ఊళ్లు కట్టుకోవలసిన కాలం చేజేతులా జారిపోయింది.

2018లోనే, ఫిబ్రవరిలో, అవే సంస్థల తోడుతో ఇండోనేషియాకు మాత్రం సొమ్ము చేరింది. జాంబిలో, తూర్పు కాలిమంతాన్‌లో రబ్బరు తోటలకు 9.5 కోట్ల డాలర్ల బాండ్లు. ఏనుగులు తిరిగే బుకిత్ తిగపులు అడవి పక్కన, అడవిని కాపాడే రబ్బరు అన్నారు. బాండ్లకు చాలా ముందే అక్కడ సహజారణ్యం నరికేశారని 2020లో మైటీ ఎర్త్ ఆరోపించింది. ఆ తోటల్లో భాగస్వామి అయిన మిషెలిన్ టైర్ల కంపెనీ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. నన్ను కలచివేసేది మరొకటి. అక్కడ సంతకం చేయడానికి ఒక్క కంపెనీ చాలు. ఇక్కడ ఎకరం, అరెకరంగా చెదిరిన చేలు, వేలాది వేలిముద్రలు. పెద్ద సొమ్ముకు అంత చిన్న గడపలు కనబడవు.

కనబడి ఉంటే ఎక్కడ ఆదుకోవాలో కూడా తెలిసేది. సేంద్రియ ధ్రువపత్రం కావాలంటే, ఏడాది పంటలకు సాధారణంగా విత్తే ముందు రెండేళ్లు ఆ నేలకు రసాయనం తగలకూడదు. మందు మానిన తొలి ఏళ్లలో దిగుబడి తగ్గొచ్చు. గుంటూరు మిర్చి యార్డులో ధర మాత్రం అందరితో పాటే. ఆ రెండేళ్ల కొరతను పూడ్చడానికి అడవి పేరిట వచ్చే సొమ్ముకు మించిన సాయం ఏముంది? పైన నల్లమల పచ్చగా ఉంటే కింద ఏరు పారుతుంది. కింద చేలల్లో విషం తగ్గితే ఆ ఏరు తేటపడుతుంది. అడవికీ మిరపకాయకూ మధ్య ఉన్న ఆ బంధాన్ని ఒక ధ్రువపత్రం మీద రాసి, దానికి ధర కట్టి ఉంటే!

2021-22లో నల్లతామర పురుగు మిరపను తుడిచిపెట్టింది. మందు మీద మందు కొట్టినా అది లొంగలేదు. మందుల మీద నమ్మకం సడలిన ఆ ఏడు, చేయి పట్టుకుని నడిపించేవాళ్లుంటే ఎందరో ఇటు తిరిగేవారు. అదే ఆఖరి మలుపని ఇప్పటికీ నాకనిపిస్తుంది.

2024 వచ్చింది. ఆ జులైలో, మన రాష్ట్ర ప్రకృతి సేద్య కార్యక్రమం మరో ఇద్దరు విజేతలతో కలిసి లిస్బన్‌లో గుల్బెంకియన్ బహుమతి అందుకుంది. సుమారు పది లక్షల మంది రైతులు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, జీవామృతం కలిపి కలిపి సాధించిన గౌరవమది. కళ్లు చెమర్చేంత గర్వం. కానీ గడువు నాటికి చేరాలన్న సంఖ్య 60 లక్షలు.

రానివాళ్లలో కౌలు రైతు ఉన్నాడు. కౌలు సాధారణంగా ఏడాదికే మాట. కడుపు కట్టుకుని ఈ ఏడు బాగుచేసిన నేల వచ్చే ఏడు తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషికి రెండేళ్ల ధ్రువీకరణ ఎలా అందుతుంది? ఆ రెండో ఏటి కౌలుకు పూచీ పడిన కాగితం ఒక్కటీ రాలేదు. అందుకే అతను విత్తనంతో పాటే పురుగుమందూ అరువు తెచ్చుకుంటున్నాడు. కాయలు అమ్మిన డబ్బులో ముందు కొట్టు బాకీ, తర్వాత కౌలు, ఆ తర్వాతే ఇల్లు.