పాత ఫైలు, పోయిన ఫాంటు

1990లలో వెలువడిన తెలుగు పుస్తకాల్లో చాలా భాగం పేజ్‌మేకర్‌లో కూర్చినవే. ఆ ఫైళ్ళను ఇప్పుడు తెరవబోతే మొదట ఎదురయ్యేది ఒక హెచ్చరిక: ఫలానా ఫాంటు లేదు, బదులుగా మరొకటి వాడమంటారా? ఇంగ్లీషు పత్రమైతే సరేనన్నా పెద్ద నష్టం లేదు. అక్షరాల రూపు మారుతుంది, పంక్తులు జరుగుతాయి, పాఠం నిలుస్తుంది. తెలుగు పత్రమైతే పుస్తకమే మాయమై, ఆ చోట రోమన్ అక్షరాలు, కరెన్సీ గుర్తులు బారులు తీరుతాయి.

నిజానికి ఆ ఫైల్లో తెలుగు ఎన్నడూ లేదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. కాని పేజ్‌మేకర్‌కు 2001 నాటి 7.0 వరకూ యూనికోడ్ పట్టుబడలేదు. అప్పటి ఫాంటులో 256 స్థానాలు. నియంత్రణ సంకేతాలు పోగా మిగిలినవాటిలో గుణింతాలు, వత్తులు అన్నీ పట్టవు. అందుకని అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు మరొకచోట. కొన్ని ఫాంట్లలో 'మ' అంటే 'వ' ముక్క, దాని పక్కన ఒక తోక. ఏ ముక్కకు ఏ సంఖ్య అన్నది తయారుచేసినవారి ఇష్టం. అను ఫాంట్ల వరస ఒకటి, ఈనాడు సైటు ఫాంటు వరస మరొకటి. తెలుగువరకు ఫాంటు అక్షరానికి వేసిన దుస్తు కాదు, పాఠానికి తాళంచెవి.

పత్రంలో ఆ చెవి ఉండదు, దాని పేరే ఉంటుంది. అదీ ఫాంటు లోపల రాసి ఉన్న పేరు. పైన ఫైలు పేరు మార్చి ఏమార్చలేం. ఆకారాలను పోల్చి దగ్గరి ఫాంటును సూచించే పానోస్ పద్ధతి పేజ్‌మేకర్‌లో ఉండేది. రోమన్ లిపి కొలతలతో తయారైన ఆ పద్ధతి తెలుగుకు చేసిన ఉపకారం శూన్యం. వెతకవలసింది డీటీపీ చేసినవారి పాత హార్డుడిస్కులు, సీడీలు. దొరికినది టైప్ 1 ఫాంటయితే, విండోస్‌లో అది రెండు ఫైళ్ళ జంట: ఆకారాలు ఒకదానిలో, కొలతలు మరొకదానిలో. పైగా 2023 జనవరితో అడోబీ తన సాఫ్ట్‌వేర్లలో టైప్ 1కు స్వస్తి చెప్పింది. పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవగలిగిన ఇన్‌డిజైన్‌లలో చివరిది 2012 నాటి సీఎస్6. అంటే ఫాంటుతో పాటు దాన్ని భరించే పాత కంప్యూటరునూ బతికించుకోవాలి.

ప్రెస్సుకు పంపిన పీడీఎఫ్ ఉంటే కొంత మేలు. అందులో తరచు ఫాంటు ఇమిడి ఉంటుంది, కాకపోతే ఆ పుస్తకంలో వాడిన ముక్కల మేరకే.

అదీ లేకపోతే మిగిలేది శాసనం చదివే పని. అచ్చుపుస్తకం ఒక పక్క, ఫైల్లోని గజిబిజి మరొక పక్క పెట్టుకొని, ఏ సంకేతానికి ఏ ముక్కో పట్టిక రాసుకోవాలి. ఈనాడు, వార్త సైట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చిన 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు వెనక ఉన్నవీ ఇటువంటి పట్టికలే. అచ్చుప్రతి ఉండగా ఇంత తంటా ఎందుకు, స్కాన్ చేస్తే చాలదా అనవచ్చు. స్కాను నుంచి పాఠాన్ని రాబట్టే యంత్రం 'ప'ను 'ష'గా, 'మ'ను 'వు'గా చదవగలదు. ప్రూఫులు మళ్ళీ మొదటినుంచి దిద్దాలి. ఒకరు కూర్చొని దిద్దిన ప్రూఫుల శ్రమ మాత్రం ఆ ఫైల్లో భద్రంగా ఉంది. పట్టిక సరిగా కుదిరిందా, ఒకచోట తేలిన సంకేతం పుస్తకమంతటా తేలినట్టే. నాలుగైదు పేజీలతో పట్టిక చాలావరకు నిండుతుంది. 'ఝ', అరసున్న, బండి 'ఱ' వంటివి మాత్రం ఎక్కడో మూడువందలో పేజీలో ఒక్కసారి కనిపిస్తాయి. వాటికోసం పుస్తకమంతా తిరగేయాలి.