సువార్త ఎత్తిన బిందె



పోయిన భాగం చివర దండోరా ఉద్యమం గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారం. ఈ వారం జహీరాబాదులో నా క్లాసులో ఒక ప్రశ్న పడింది. దాన్ని దాటి ముందుకు పోలేకపోయాను.

అడిగింది డిగ్రీ రెండో సంవత్సరం పిల్లాడు. పేరూ ఊరూ రాయను. చెరుకు కొట్టిన కూలి లెక్క అడిగినందుకు వాడి అన్నను చెంప మీద కొట్టారు, కులం పేరు పెట్టి తిట్టారు. స్టేషన్‌లో కేసు అయింది. ఆదివారం చర్చిలో అయ్యగారు మత్తయి సువార్త ఐదో అధ్యాయం తీసి, శత్రువును ప్రేమించడం మీద గంటసేపు ప్రసంగం చేశారు. సోమవారం పెద్దమనుషులు రాజీ కాగితం పట్టుకుని ఇంటికి వచ్చారు. ఆ రెండింటికీ సంబంధం ఉందని వాడు అనలేదు, నేనూ అనను. వాడు అడిగింది ఒక్కటే: "సార్, కేసు వాపసు తీసుకునుడే ప్రేమనా?"

నేను తెలుగు సాహిత్యం చెప్పేవాణ్ణి. వాక్యం చెప్పే అధికారం నాకు లేదు. కానీ ఈ వాక్యం మా వాడల్లో ఎట్లా పనిచేస్తుందో చూస్తూ పెరిగాను. పటేలు నోరు పారేసుకున్న రోజు మా నాయినమ్మ "పోనియ్ బిడ్డా, దేవుడు చూస్తుండు" అనేది. తెల్లారి ఆ పటేలు చేన్లోనే కంది కొయ్యాలి. అది ప్రేమా, పూట గడవదన్న భయమా? అడగాలని నాకు తోచేనాటికి ఆమె లేదు.

అందుకే వాడికి వేదాంతం కాదు, చరిత్ర చెప్పాను. కారంచేడు దగ్గర మొదలుపెట్టాను.

1985 జులై 16. ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే నీళ్ల చెరువులోకి బర్రెల కుడితి బకెట్టు మురికి పోతోంది. ఇదేంటని అడిగినందుకు కమ్మ యువకులు దెబ్బలకు దిగారు. నీళ్ల కోసం వచ్చిన ఒక మాదిగ స్త్రీ మీదికి చర్నాకోల లేస్తే, ఆమె చేతిలోని బిందె ఎత్తింది. ఆమె పేరు మున్నంగి సువార్త. చాలాసార్లు ఈ పేరు దగ్గర ఆగిపోతాను. ఆ తల్లిదండ్రులు బైబిల్లోంచి ఏరుకున్న పేరు, ఒక చెరువు గట్టు మీద బిందె ఎత్తి నిలబడింది. మరునాడు, జులై 17న, ఊరు కట్టగట్టుకుని మాదిగపల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. ఆ ఆరుగురిలో ఇద్దరి పేరు మోషే. ప్రాణాలు దక్కినవాళ్లు చీరాలకు పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే ఉద్యమం పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం నాయకత్వంలో దళిత మహాసభ ఏర్పడింది. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న తారకం ఆ పదవికి రాజీనామా చేసి వచ్చారు. ముఖ్య సాక్షి దుడ్డు అలీసమ్మను తర్వాత చంపేశారు. 

గమనించండి, చర్చి ఆవరణే శిబిరమైంది. అక్కడ కూర్చున్న జనం శత్రువు ఇల్లు తగలబెట్టలేదు. అట్లాగని సాక్ష్యమూ వదులుకోలేదు. కారంచేడుకు తిరిగి రామన్నారు, నిందితులను బోనెక్కించాలన్నారు. సుప్రీంకోర్టు చివరి మాట చెప్పేసరికి 2008 డిసెంబరు వచ్చింది.

ఇప్పుడు వాక్యం దగ్గరికి వస్తాను. కుడి చెంప మీద కొడితే రెండోది తిప్పమని యేసు చెప్పాడన్నది అందరికీ కంఠతా వచ్చు. కుడి చెంపే ఎందుకు? వాల్టర్ వింక్ అనే అమెరికన్ వేదాంతి దీన్ని వివరించాడు. ఎదుటివాడి కుడి చెంప మీద కుడిచేత్తో కొట్టాలంటే చెయ్యి తిప్పి వెనకవైపుతో కొట్టాలి. అది సమానుల మధ్య పోట్లాటలో పడే దెబ్బ కాదు, యజమాని దాసుణ్ణి కొట్టే దెబ్బ. రెండో చెంప తిప్పితే, కొడితే సమానుణ్ణి కొట్టినట్టు కొట్టమని అడిగినట్టు. ఇది ఒక వ్యాఖ్యానం, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. కానీ వ్యాఖ్యానం అక్కర్లేని చోటు ఇంకొకటి ఉంది. యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయం. ప్రధాన యాజకుడి ముందు విచారణలో ఒక బంట్రౌతు యేసును చెంప మీద కొట్టాడు. ఆయన రెండో చెంప తిప్పలేదు. తాను అన్నదాంట్లో తప్పుంటే రుజువు చెయ్యమన్నాడు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు, ఈ భాగం మీద ఒక్కటీ గుర్తులేదు.

అంబేడ్కర్ పట్టుకున్నది ఈ లోపాన్నే. మతం మారిన అంటరానివాడి స్థితి మీద రాస్తూ, అతని కష్టానికి కారణం అతని పాపమేనని బోధిస్తే, అణచివేసిన వ్యవస్థ మీద తిరగబడే శక్తి అతనిలో చచ్చిపోతుందని అన్నాడు. నాకు చదువు పెట్టింది మిషన్ బడే, ఆ రుణం కాదనను. అయినా అంబేడ్కర్ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మార్టిన్ లూథర్ కింగ్ శత్రువును ప్రేమించమని మాంట్‌గోమరీలోని తన చర్చిలో ప్రసంగించింది 1957 నవంబరులో. దానికి ముందే ఆ ఊరి నల్లవాళ్లు 381 రోజులు బస్సెక్కకుండా నడిచారు, కోర్టులో కేసు గెలిచారు. ప్రసంగం మన పాస్టర్లకు తెలుసు. ఆ నడక ఊసు ఎత్తరు.

వాళ్లు ఎప్పుడూ చెప్పేది గ్లాడిస్ స్టెయిన్స్ గురించి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో భర్తనూ ఇద్దరు కొడుకులనూ జీపులో తగలబెడితే, చంపినవాళ్లను క్షమించానంది. ఆమెకు చేతులెత్తి మొక్కుతాను. అయితే క్షమాపణ వేరు, నేరానికి ఫలితం అనుభవించడం వేరు అని చెప్పింది కూడా ఆమే. దారాసింగ్ యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2011లో ఖరారు చేసింది. ఇంకో సంగతి. ఆమె క్షమించిన మర్నాడు కూలి కోసం ఆ హంతకుల చేనుకు పోవాల్సిన అవసరం లేదు. మా నాయినమ్మకు ఉండింది. పోయే దారి ఉన్న మనిషి క్షమాపణనూ, లేని మనిషి మౌనాన్నీ ఒకే తక్కెడలో తూచకండి.

చుండూరు సంగతి మీకు తెలుసు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. దళితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇంత జరిగాక కూడా మాదే క్షమించే బాధ్యత అంటారు. శిక్షే నిలవని చోట క్షమించేది దేన్ని?

మా పిల్లాడి ఇంట్లో రాజీ కాగితం పెట్టినవాళ్లు ఇంకో మాట కూడా అన్నారట: "చర్చికి పోతరు గదా, అట్రాసిటీ కేసు నిలవది." ఊరికే అనలేదు. క్రైస్తవంలోకి మారినవాళ్లకు ఆ చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. దాని వెనక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. తిట్టేటప్పుడు కులం గుర్తుంటుంది, కేసు పెట్టేటప్పుడు మతం గుర్తొస్తుంది.

వాడికి చివరికి నేను చెప్పింది ఇది. బైబిల్లో శత్రువును ప్రేమించడం అంటే వాడి మీద ఇష్టం పుట్టించుకోవడం కాదు, చేతితో చేసే పని. నిర్గమకాండంలోనే ఉంది: పగవాడి ఎద్దో గాడిదో తప్పిపోయి కనబడితే తోలుకెళ్లి అప్పజెప్పాలి. సాక్ష్యం మార్చమని అక్కడ లేదు. పైగా అదే అధ్యాయం అబద్ధసాక్ష్యం చెప్పొద్దంటుంది. నీ అన్న తరఫున క్షమించే హక్కు నాకూ అయ్యగారికీ పెద్దమనుషులకూ లేదు. నీకూ లేదు. ఆ చెంప ఎవరిదో ఆయనదే.

వాడు కాసేపు తల వంచుకుని ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు: "మొన్న వాళ్ల బర్రె తెంపుకొని మా చేన్ల పడ్డది సార్. మా అన్ననే తోలుకపోయి వాళ్ల కొట్టంల కట్టేసిండు. కేసు మాత్రం వాపసు తీసుకోడట. పన్నెండో తారీఖు సంగారెడ్డిల వాయిదా. నేను గూడ పోవాలె. ఆ దినం అటెండెన్స్ ఇస్తరా?"

ఇస్తానన్నాను.

వచ్చే వారం దండోరా.