సైగల భాషని దాచిపెట్టిన మూకీ సినిమా

ముందుగా ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, గొంతు బయటికి రాకుండా 'పాట', 'బాట', 'మాట' అనండి. చూశారా? మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. తేడా చెవికి తెలుస్తుంది, కంటికి తెలీదు. ఇప్పుడు ఊహించుకోండి, మీకు చెవులు వినపడవు. టీచర్ పెదాలు చూసే లెక్కలూ సైన్సూ అన్నీ అర్థం చేసుకోవాలి. చేతులతో సైగ చేస్తే దెబ్బ పడుతుంది. దాదాపు వందేళ్ళ పాటు యూరప్‌లో, అమెరికాలో చాలా స్కూళ్ళలో బధిర పిల్లల చదువు ఇలాగే సాగింది. అలాంటి రోజుల్లో, తమ భాష తమతోనే పోతుందేమో అన్న భయంతో కొందరు అమెరికన్ బధిరులు వీడియోలు తీయడం మొదలుపెట్టారు. ఎప్పుడో తెలుసా? 1910లో.

ఒక్క విషయం చెప్పి కథలోకి వెళ్తాను. మన ఊళ్ళల్లో వినపడనివాళ్ళని 'మూగోడు', 'మూగది' అనేస్తాం. సైగలంటే ఏదో తోచినట్టు చేతులు ఊపడం అనుకుంటాం. అది నిజం కాదండీ. సైగల భాషకి దాని సొంత వ్యాకరణం ఉంది. ఉదాహరణకి అమెరికన్ సైగల భాషలో కనుబొమ్మలు పైకెత్తితే మామూలు వాక్యం ప్రశ్న అయిపోతుంది. ప్రపంచమంతా ఒకే సైగల భాష కూడా కాదు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మాట్లాడేది ఇంగ్లీషే, కానీ అక్కడి బధిరుల భాషలు రెండూ వేరు. అమెరికన్ సైగల భాషకి దగ్గరి చుట్టం ఫ్రెంచ్ సైగల భాష. ఎందుకంటే 1816లో లోరాన్ క్లెర్ అనే బధిర టీచర్ పారిస్ నుంచి ఓడెక్కి అమెరికా వచ్చాడు. 1817లో థామస్ గాలడెట్‌తో కలిసి హార్ట్‌ఫర్డ్‌లో స్కూల్ పెట్టాడు. అక్కడ చదువుకున్నవాళ్ళే తర్వాత వేరే ఊళ్ళలో టీచర్లయ్యారు. 1870 నాటికి అమెరికా బధిర పాఠశాలల్లో నూటికి సుమారు నలభై మంది టీచర్లు బధిరులే. పిల్లలకి భాష వాళ్ళ దగ్గర్నుంచే వచ్చేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

1880 సెప్టెంబర్‌లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల చదువు మీద ఒక అంతర్జాతీయ సభ జరిగింది. వచ్చినవాళ్ళు దాదాపు అందరూ వినగలిగినవాళ్ళే. పిల్లలకి నోటి మాటే నేర్పాలి, సైగలు ఉండకూడదు అని ఓటేశారు. అనుకూలంగా 160, వ్యతిరేకంగా 4. ఎవరి భాష గురించి తీర్పో వాళ్ళు ఆ గదిలో లేనట్టే. ఆ తర్వాత ఒక్కో దేశంలో బధిర టీచర్ల ఉద్యోగాలు పోతూ వచ్చాయి. అమెరికాలో 1917 నాటికి నూటికి పదిహేను మంది కూడా మిగల్లేదు. పిల్లలు మాత్రం రాత్రిపూట హాస్టల్ గదుల్లో దొంగచాటుగా సైగలు చేసుకుంటూనే ఉన్నారు.

అమెరికాలో ఈ నోటి మాట ఉద్యమానికి పెద్ద పేరు ఎవరిదో చెప్తే ఆశ్చర్యపోతారు. టెలిఫోన్ పేటెంట్ తీసుకున్న గ్రహంబెల్! ఆయన వాళ్ళమ్మకి సరిగ్గా వినపడదు, భార్య మేబెల్‌కి చిన్నప్పుడే జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఆయన కూడా బధిర పిల్లలకి టీచరే, సైగలు కూడా వచ్చు. అయినా 1883లో ఒక పెద్ద వ్యాసం సమర్పించాడు. బధిరులు బధిరుల్నే పెళ్ళి చేసుకుంటూ పోతే మనుషుల్లో ఒక బధిర జాతి తయారవుతుందని అందులో హెచ్చరించాడు. దానికి కారణాలు అంటూ సైగల భాషనీ, బధిర టీచర్లనీ, బధిరులకు వేరే స్కూళ్ళుండడాన్నీ చూపించాడు. ఆయన్ని విలన్‌ని చేసి నేను చేతులు దులుపుకోను, ఆయన నిజంగా మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. నాకు భయం వేసేది అక్కడే.

ఇప్పుడు మన హీరో దగ్గరికి వద్దాం. పేరు జార్జ్ వెడిట్జ్. ఎనిమిదేళ్ళ వయసులో జ్వరంతో వినికిడి పోయింది. బధిర పాఠశాలలో టీచర్‌గా చేశాడు, కొలరాడోలో కోళ్ళు పెంచాడు, 1904 నుంచి 1910 దాకా అమెరికా బధిరుల జాతీయ సంఘానికి అధ్యక్షుడు. ఆయన ఆలోచన చాలా సింపుల్. సైగల భాషకి లిపి లేదు, రాసి దాచలేం. క్లెర్ దగ్గర చదువుకున్న తరం ముసలివాళ్ళయిపోతున్నారు. స్కూళ్ళలో కొత్తవాళ్ళకి నేర్పేవాళ్ళు లేరు. మరి కదిలే చేతుల్ని ఎక్కడ దాచాలి? కదిలే బొమ్మల్లోనే. సినిమా అప్పటికి పదిహేనేళ్ళ పసిబిడ్డ.

దీనికోసం సంఘం 5,000 డాలర్ల నిధి పోగుచెయ్యడానికి పూనుకుంది. బాగా సైగ చేసే పెద్దవాళ్ళని పిలిచి కెమెరా ముందు నిలబెట్టారు. అప్పటి మూకీ సినిమాల్లో గొంతు లేకపోవడం వినేవాళ్ళకి లోటు. వీళ్ళకి లోటే లేదు, ఆ ఫిల్ములో మాటలన్నీ పూర్తిగా ఉన్నాయి! జాన్ హాచ్‌కిస్ అనే పెద్దాయన హార్ట్‌ఫర్డ్‌లో తన చిన్నప్పుడు చూసిన ముసలి క్లెర్ కబుర్లు చెప్పాడు. ఇంకొకాయన ఒక ఐరిష్ మనిషి, ఒక పురుగు మీద జోకు చెప్పాడు. నాకు ఈ జోకు ఫిల్ము సంగతి మహా ఇష్టం. భాషని కాపాడాలంటే ఉపన్యాసాలతో పాటు జోకులూ కావాలని వాళ్ళకి తెలుసు.

వెడిట్జ్ సొంత ఫిల్ము 1913లో వచ్చింది. పేరే 'సైగల భాష పరిరక్షణ'. కోటు వేసుకుని, పెద్ద పెద్ద సైగలతో, మిలాన్ జరిగి 33 ఏళ్ళయిందనీ, ఫ్రాన్సులో బధిరులు తమ భాష కోసం అప్పటినుంచీ అల్లాడుతున్నారనీ చెప్తాడు. అమెరికాలో కూడా తప్పుడు ప్రవక్తలు బయల్దేరారని హెచ్చరిస్తాడు. భూమ్మీద బధిరులున్నంత కాలం సైగలుంటాయని ఆయన నమ్మకం.

ఆ ఫిల్ములు ఊరూరా బధిరుల క్లబ్బుల్లో ఆడాయి. స్కూళ్ళు మాత్రం వెంటనే మారలేదు. 1960లో విలియం స్టోకీ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ అమెరికన్ సైగల భాష పూర్తి స్థాయి భాషే అని పరిశోధన అచ్చు వేసేదాకా పండితులు కూడా ఒప్పుకోలేదు. పాత ఫిల్ములు ఆ తర్వాత పనికొచ్చాయి. భాష ఎలా మారిందో వాటిలో కంటితో చూడొచ్చు. 'సహాయం' అనే సైగలో ఒకప్పుడు మోచేతిని పట్టి లేపేవాళ్ళు, ఇప్పుడు పిడికిలిని అరచేత్తో లేపుతారు. మన తెలుగులో 'వచ్చుచున్నాడు' కాస్తా 'వస్తున్నాడు' అయినట్టే!

2010లో రెండు సంగతులు జరిగాయి. కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అదే అంతర్జాతీయ సభ, మిలాన్ తీర్మానాల్ని తిరస్కరించి విచారం వ్యక్తం చేసింది. నూట ముప్పై ఏళ్ళు పట్టింది. అదే ఏడాది వెడిట్జ్ ఫిల్ముని అమెరికా జాతీయ సినిమాల జాబితాలో చేర్చారు.

మన దగ్గర కూడా వెడిట్జ్ దారే పనికొచ్చింది. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన శిక్షణ కేంద్రం తయారుచేసిన డిక్షనరీ మొత్తం వీడియోలే. 2018లో 3,000 పదాలతో మొదలై, 2021కి 10,000కి చేరింది. 'సైన్ లర్న్' అనే యాప్‌గా కూడా వచ్చింది. ఫోన్‌లో ఉచితంగా చూడొచ్చు. బెల్ కనిపెట్టిన వస్తువు ఇప్పుడు వీడియో కాల్‌లో సైగలు మోస్తోంది మరి.

వెడిట్జ్ ఫిల్ము కూడా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, సుమారు పావుగంట. చూసేటప్పుడు సౌండ్ రావట్లేదని ఫోన్‌ని తిట్టకండి. చేతుల దగ్గరే ఆగకుండా ఆయన మొహం కూడా గమనించండి, సగం మాటలు అక్కడే ఉంటాయి. ఉంటాను.