తెలుగు క్రైస్తవ చరిత్ర రచనలో చర్చి దస్తావేజులు, ఆరాధనా కళ: ఆధారాల పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగు ప్రాంతాల క్రైస్తవ చరిత్రకు మూడు రకాల ఆధారాలు ఉన్నాయి. అవి విదేశాలలో భద్రమైన మిషన్ దస్తావేజులు, స్థానిక సంఘాల రిజిస్టర్లు, ఆరాధనా మందిరాలలోని కళ. మొదటి దానిలో సంఖ్యలు, రెండవ దానిలో పేర్లు, మూడవ దానిలో రూపాలు ప్రధానంగా లభిస్తాయి. ఏ ఒక్కదానినో ఆశ్రయించి రాసిన చరిత్రలో స్థానికుల పాత్ర మరుగున పడుతుంది. ఒంగోలు, మెదక్, డోర్నకల్ ఉదాహరణలతో ఈ విషయాన్ని పరిశీలించడం, రిజిస్టర్ల పరిరక్షణలో ఎదురయ్యే నైతిక సమస్యను చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: చర్చి దస్తావేజులు, బాప్తిస్మ రిజిస్టరు, ఆరాధనా కళ, మెదక్, డోర్నకల్, ఒంగోలు, దళిత చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట క్రైస్తవ సంఘాల చరిత్రను రాసినవారు చాలాకాలం మిషనరీల జీవితచరిత్రలనూ, మిషన్ల వార్షిక నివేదికలనూ ప్రధానాధారాలుగా స్వీకరించారు. ఇవి తేదీల విషయంలో కచ్చితమైనవి, సులభంగా లభించేవి. అయితే ఇవి రాయబడింది స్వదేశంలోని దాతల కోసం. మిషనరీ ఏం చేశాడన్నది వీటిలో వివరంగా ఉంటుంది. అతనికి భాష నేర్పిన పండితుడు, వాక్యం చెప్పిన ఉపదేశి, గోడ కట్టిన మేస్త్రీ, బాప్తిస్మం పొందిన కూలీ వీటిలో అరుదుగా కనిపిస్తారు. ఆ లోటును పూరించగల ఆధారాలు ఏవి, అవి ఎక్కడ ఉన్నాయి, వాటిని ఎలా చదవాలి అన్న ప్రశ్నలు పరిశోధకుల ముందున్నాయి.

2. దూరదేశాలలోని దస్తావేజులు

తెలుగు క్రైస్తవ వాఙ్మయానికి సంబంధించిన తొలి రచనలు కొన్ని తెలుగు నేలపై లేవు. 1719లో తరంగంబాడికి వచ్చిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్, తరువాత మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి పూనుకున్నాడు. ఆయన అనువాదం ఆనాడు అచ్చు కాలేదు. 1743లో ఆయన జర్మనీకి తిరిగి వెళ్లిన తరువాత ఆ దశకంలోనే హాలే నగరంలో కొన్ని చిన్న తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. ఆయన లాటిన్‌లో రాసిన తెలుగు వ్యాకరణం 1984 వరకు చేతిరాతగానే ఉండిపోయింది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ పక్షాన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. వారి అనువాద కృషిలో ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో మరణించారు. మూడు సువార్తల తెలుగు అనువాదం 1812లో శ్రీరామపురంలో అచ్చయింది. అనువాదకులుగా చరిత్రలో నిలిచినవి ఇద్దరు మిషనరీల పేర్లు. మూడవ వ్యక్తి సహాయకుడుగా మాత్రమే మిగిలాడు. తెలుగు మాతృభాష కాని ఇద్దరు వ్యక్తులు కొద్ది సంవత్సరాలలో ఒక గ్రంథాన్ని తెలుగు చేయగలిగారంటే, ఆ తెలుగు ఎవరిదన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది.

నేడు లండన్ మిషనరీ సొసైటీ, వెస్లియన్ మెథడిస్టు మిషన్ పత్రాలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలోనూ, మచిలీపట్నంలో 1841లో పని ప్రారంభించిన చర్చి మిషనరీ సొసైటీ పత్రాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోనూ, అమెరికన్ బాప్టిస్టుల పత్రాలు అట్లాంటాలోనూ ఉన్నాయి. తెలుగు పరిశోధకునికి తన ఊరి చరిత్ర చదవాలంటే సముద్రాలు దాటవలసిన స్థితి ఏర్పడింది. దూరం ఒక్కటే ఇక్కడి సమస్య కాదు. ఆ పత్రాల వర్గీకరణ కూడా మిషన్ పాలనా వ్యవస్థను అనుసరించి జరిగింది. మిషనరీ పేరు, కేంద్రం పేరు తెలిస్తేనే కాగితం దొరుకుతుంది. ఉపదేశి పేరుతో వెతికేవారికి సూచిక సాధారణంగా తోడ్పడదు.

3. సంఖ్య వెనుక మనుషులు: ఒంగోలు, 1878

1876-78 నాటి మహాక్షామం ఒంగోలు ప్రాంతాన్ని కుదిపివేసింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా కరవు కాలంలో బాప్తిస్మాలను నిలిపివేశాడు. 1878లో అవి మళ్లీ మొదలైనప్పుడు, గుండ్లకమ్మ నదిలో జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజులలో మొత్తం 3,536 మంది.

ఈ సంఖ్యలలో 2,222 ప్రపంచ మిషన్ చరిత్రలలో ప్రసిద్ధికెక్కింది. అంతగా ప్రచారం పొందని విషయం మరొకటి ఉంది. ఆ రోజు నీటిలో నిలిచి బాప్తిస్మాలిచ్చినది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఆ కార్యాన్ని నిర్వహించారు. అంతకు పన్నెండేళ్ల ముందు, 1866లో, బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య మాదిగ పల్లెలలో తిరిగి విశ్వాసాన్ని వ్యాపింపజేశాడు. తోళ్ల వ్యాపారపు దారులు, బంధుత్వాలు ఆ వ్యాప్తికి మార్గాలయ్యాయి. కాబట్టి 1878 నాటి ఘటనను ఒక మిషనరీ విజయంగా కన్నా, ఒక సమాజం తన దారులలో తానే సాగించిన ఉద్యమంగా చదవడం ఆధారాలకు సన్నిహితంగా ఉంటుంది. ఇలా చదవడానికి వీలు కల్పించే వివరాలు మిషన్ రచనలలోనే ఉన్నాయి. సంఖ్య దగ్గర ఆగిపోయిన పాఠకునికి మాత్రం అవి కనిపించవు.

4. పేరు రాసిన పుస్తకం

స్థానిక సంఘాల రిజిస్టర్ల విలువ ఇక్కడ స్పష్టమవుతుంది. ఆంగ్లికన్ సంప్రదాయంలో బాప్తిస్మ రిజిస్టరులో తేదీ, పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, వృత్తి, బాప్తిస్మమిచ్చినవారి సంతకం కోసం గడులుంటాయి. కేథలిక్కు సంఘాలలో 1983 నాటి చర్చి ధర్మశాస్త్రం 535వ నియమం ప్రతి విచారణలోనూ బాప్తిస్మ, వివాహ, మరణ రిజిస్టర్లు ఉండాలనీ, పాతవాటిని జాగ్రత్తగా కాపాడాలనీ నిర్దేశించింది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం, దేశీయ క్రైస్తవుల వివాహాలు జరిపించే అనుమతి పొందినవారు ఇంగ్లీషులో గాని, జిల్లాలో వాడుకలో ఉన్న దేశభాషలో గాని రిజిస్టరు రాయవచ్చునని 62వ సెక్షనులో పేర్కొంది. బ్రిటిషు పాలనలోని కోస్తా జిల్లాలలో తెలుగులో వివాహ రిజిస్టర్లు రాయడానికి ఇది చట్టబద్ధమైన ఆధారం.

భూమి లేని కుటుంబం పేరు రెవెన్యూ లెక్కలలో పట్టాదారుగా ఉండదు. బడికి వెళ్లని వ్యక్తి పేరు పాఠశాల దాఖలాలలో ఉండదు. జనాభా లెక్కలలో అతడు ఒక అంకె మాత్రమే. అటువంటి మనిషి పేరు, అతని తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, వృత్తి ఒకే వరుసలో రాయబడిన తొలి పత్రం చాలా దళిత కుటుంబాలకు చర్చి రిజిస్టరే కావచ్చు. తల్లి పేరు నమోదు కావడం ప్రత్యేకంగా గమనార్హం. పేర్ల మార్పు, పెళ్లి వయస్సు, వలస దారులు, క్షామకాలపు మరణాలు, అక్షరాస్యత వంటి అంశాలపై ఈ వరుసలను కాలక్రమంలో అమర్చి అధ్యయనం చేయవచ్చు. సంతకం ఉండవలసిన చోట వేలిముద్ర ఉండటం, తరువాతి తరంలో అదే కుటుంబంలో సంతకం కనిపించడం కూడా చరిత్రే.

5. రాతిలో, అద్దంలో: మెదక్, డోర్నకల్

కాగితం చెప్పనిది కొన్నిసార్లు కట్టడం చెబుతుంది. నిజాం రాజ్యంలో వెలసిన రెండు కేథెడ్రళ్లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో సుమారు పదేళ్లు సాగిన మెదక్ చర్చి నిర్మాణం పూర్తయి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోథిక్ శైలిలోని ఈ మందిరం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. కరవు కాలంలో కూలీలకు పని, తిండి కల్పించడానికే ఈ నిర్మాణం సాగిందని ప్రాంతీయ స్మృతి బలంగా చెబుతుంది. ఇందులోని రంగు అద్దాల కిటికీలను లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ రూపొందించాడు. క్రీస్తు ఆరోహణ దృశ్యం 1927లో, జనన దృశ్యం 1947లో, సిలువ దృశ్యం 1958లో ఏర్పాటయ్యాయి. వెలుపలి నుంచి పగటి వెలుతురు పడినప్పుడే ఆ బొమ్మలు లోపలివారికి ప్రకాశిస్తాయి.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కేథెడ్రల్ చరిత్ర వేరు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన డోర్నకల్‌ను కేంద్రంగా చేసుకుని తెలుగు పల్లెలలో సేవ చేశాడు. ఆయన కట్టించిన కేథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. గుమ్మటాలు, మినార్లు ఇస్లామిక వాస్తును, స్తంభాల మండపం దక్షిణాది దేవాలయాలను గుర్తుకు తెస్తాయి. పద్మం అలంకరణగా మారి సిలువతో కలిసింది.

ఈ రెండింటి కాలక్రమం ఒక ముఖ్య విషయాన్ని వెల్లడిస్తుంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెథడిస్టు, ఆంగ్లికన్ తదితర సంఘాలు ఏకమయ్యాయి. సంస్థాగతంగా అది స్వదేశీకరణకు గుర్తు. కళను చూస్తే క్రమం తారుమారవుతుంది. ఐక్యతకు ఎనిమిదేళ్ల ముందే డోర్నకల్ దేశీయ రూపాన్ని స్వీకరించింది. ఐక్యతకు పదకొండేళ్ల తరువాత కూడా మెదక్‌కు లండన్ చిత్రకారుని కిటికీ చేరింది. అధికార మార్పిడి తేదీలతో ఆరాధనా కళ మారదని దీనివలన తెలుస్తోంది. అయితే మెదక్‌ను పరాయిదనీ, డోర్నకల్‌ను స్వకీయమనీ విభజించడం తొందరపాటు అవుతుంది. మెదక్ గోథిక్ తోరణాల కింద నూరేళ్లుగా తెలుగు పాట వినిపిస్తోంది. తమ పెద్దల చెమటతో లేచిన గోడగా దానిని గుర్తుంచుకున్న కుటుంబాలకు శైలి ఎక్కడిదన్న ప్రశ్న అంత ముఖ్యం కాదు. మరోవైపు, ఆలయ ప్రవేశం నిషిద్ధమైన కులాలవారికి దేవాలయ స్తంభాల రూపం ఏ అర్థాన్నిచ్చిందో డోర్నకల్ విషయంలో వేరుగా అడగవలసి ఉంది. బిషప్పు ఆశయం ఒకటి కావచ్చు, ఆరాధకుల అనుభవం మరొకటి కావచ్చు.

రెండు చోట్లా రాయి చెక్కిన చేతుల పేర్లు కట్టడం మీద కనిపించవు. కూలి లెక్కలు, నిర్మాణ ఖాతాలు, ఆ కాలపు బాప్తిస్మ రిజిస్టర్లలోని వృత్తి గడి, స్థానిక కుటుంబాల మౌఖిక కథనాలు కలిపి చదివినప్పుడే ఆ చేతులకు పేర్లు దొరికే అవకాశం ఉంది.

6. పరిరక్షణ, గోప్యత

చెమ్మ, చెద, నాసిరకం కాగితం, కాపరుల బదిలీలు స్థానిక రిజిస్టర్లకు ప్రధాన శత్రువులు. వీటిని డిజిటలీకరించి అందరికీ అందుబాటులో ఉంచాలన్న సూచన సహజంగానే వస్తుంది. ఇక్కడ పరిశోధకులు ఆగి ఆలోచించవలసిన అంశం ఒకటి ఉంది.

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం, హిందూ మతం కాని మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డు కులానికి చెందినవాడుగా పరిగణింపబడడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఈ నియమం సడలింది. క్రైస్తవులకు సడలలేదు. క్రైస్తవ తల్లిదండ్రులకు జన్మించి హిందూ మతం స్వీకరించిన వ్యక్తి కుల హోదాపై గుంటూరు వైద్య కళాశాల వ్యాజ్యంలో 1976లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చింది. అంటే బాప్తిస్మ రిజిస్టరులోని ఒక వరుస పరిశోధకునికి చరిత్ర, వారసునికి న్యాయపరమైన సాక్ష్యం. తాత పేరును వెలికితీసిన పుస్తకమే మనుమని హక్కును ప్రశ్నించడానికి ఉపయోగపడవచ్చు.

అందువలన పరిరక్షణనూ ప్రచురణనూ వేరుగా చూడాలి. పాత, కొత్త రిజిస్టర్లన్నింటినీ ఛాయాచిత్రీకరించి భద్రపరచవచ్చు. బహిరంగ ప్రవేశాన్ని మాత్రం జీవించి ఉన్నవారికి హాని కలగనంత పాత కాలానికి పరిమితం చేయాలి. మూలప్రతులు వీలైనంతవరకు ఆ సంఘంలోనే లేదా డయోసిస్ కేంద్రంలో ఉండాలి. పరిశోధన వ్యాసాలలో ఇటీవలి కాలపు వ్యక్తులను గుర్తుపట్టే వివరాలు తొలగించి, సమాచారాన్ని గుంపుగా విశ్లేషించాలి. చర్చి పత్రాగారాల బాధ్యతపై వాటికన్ సాంస్కృతిక వారసత్వ సంఘం 1997లో ప్రత్యేక లేఖ వెలువరించి, వాటిని విశ్వాస సమాజపు స్మృతి స్థానాలుగా గుర్తించింది. ఆ స్మృతికి యజమానులు ఆ సమాజమే గనుక, ఏది ఎప్పుడు బయటికి రావాలో నిర్ణయించడంలో వారి సమ్మతి తప్పనిసరి.

7. ముగింపు

మిషన్ దస్తావేజులు సంఘటనల క్రమాన్ని, రిజిస్టర్లు మనుషుల గుర్తింపును, ఆరాధనా కళ ఆ మనుషులు జీవించిన భావప్రపంచాన్ని తెలియజేస్తాయి. ఒంగోలు సంఖ్య వెనుక ఆరుగురు బోధకులు, మెదక్ గోపురం వెనుక కరవు కూలీలు, డోర్నకల్ పద్మం వెనుక ఒక భారతీయ బిషప్పు ఆశయం ఉన్నట్లు ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడు తెలుస్తుంది. విదేశీ పత్రాగారాలలోని సామగ్రి సురక్షితం. అది మరో యాభై ఏళ్లు వేచి ఉండగలదు. పల్లె చర్చి బీరువాలోని రిజిస్టరుకు అంత వ్యవధి లేదు. తెలుగు విశ్వవిద్యాలయాల చరిత్ర, తెలుగు శాఖలు డయోసిస్‌లతో కలిసి జిల్లాలవారీగా రిజిస్టర్ల జాబితా తయారు చేయడంతో ఈ పని మొదలు కావాలి. ఏ పుస్తకం ఎక్కడ, ఏ సంవత్సరం నుంచి, ఏ స్థితిలో ఉందో తెలిస్తేనే తరువాతి పరిశోధనకు పునాది ఏర్పడుతుంది.