టేపు బ్యాకప్ (యునిక్స్)

టేపు బ్యాకప్ అనగా కంప్యూటరులోని సమాచారపు నకలును అయస్కాంత టేపుపై భద్రపరచే పద్ధతి. యునిక్స్, లినక్స్ వంటి నిర్వహణ వ్యవస్థలు గల సర్వర్లలో ఇది చాలాకాలంగా వాడుకలో ఉంది. టేపును డ్రైవు నుండి తీసి వేరొక చోట దాచవచ్చు గనుక, సర్వరులో తలెత్తిన సాఫ్ట్‌వేరు లోపం గాని వైరస్ గాని దానిని తాకలేవు. అయితే టేపుపై రాయడంలో జరిగే పొరపాట్లలో కొన్ని వెంటనే బయటపడవు. అసలు సమాచారం పోయి, నకలు అవసరమైన రోజునే అవి తెలుస్తాయి.

చరిత్ర

1951 నాటి యునివాక్ కంప్యూటరు లోహపు టేపును వాడింది. 1979లో వెలువడిన యునిక్స్ 7వ కూర్పులో టార్ అనే ఆదేశం చేరింది. టేప్ ఆర్కైవ్ అన్న మాటల నుండి ఈ పేరు వచ్చింది. 2000లో వచ్చిన ఎల్‌టీఓ మొదటి తరం టేపు సామర్థ్యం 100 గిగాబైట్లు కాగా, 2021లో వచ్చిన 9వ తరం టేపు సామర్థ్యం 18 టెరాబైట్లు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేరు లోపం వలన కొందరు జీమెయిల్ వాడుకరుల ఉత్తరాలు కనిపించకుండా పోగా, గూగుల్ సంస్థ వాటిని టేపుల నుండి పునరుద్ధరించింది.

పనిచేసే విధానం

టేపుపై సమాచారం మొదటి నుండి చివరి వరకు వరుసగా ఉంటుంది. ఒక్కొక్క బ్యాకప్ ముగిసిన చోట ఒక గుర్తు పడుతుంది. లినక్స్‌లో మొదటి టేపు డ్రైవుకు రెండు పేర్లు ఉంటాయి. ఎస్‌టీ0 అనే పేరుతో వాడితే పని ముగియగానే టేపు మొదటికి చుట్టుకుంటుంది. ఎన్‌ఎస్‌టీ0 అనే పేరుతో వాడితే ఆగిన చోటనే నిలుస్తుంది. ఎంటీ అనే ఆదేశంతో టేపును ముందుకు, వెనుకకు జరపవచ్చు. డ్రైవు స్థితిని కూడా తెలుసుకోవచ్చు.

సాధారణ సమస్యలు

• పాత బ్యాకప్ చెరిగిపోవుట: ఒకే టేపుపై పలు బ్యాకప్‌లను ఎస్‌టీ0 పేరుతో రాస్తే, ప్రతిదీ ముందుదానిపైనే పడుతుంది. ఏ దోష సందేశమూ రాదు. చివరి బ్యాకప్ మాత్రమే మిగులుతుంది. ఎన్‌ఎస్‌టీ0 వాడడమే దీనికి పరిష్కారం.
• డ్రైవు ఖాళీగా లేదన్న సందేశం: వేరొక ప్రక్రియ డ్రైవును వాడుతున్నదని అర్థం. ఫ్యూజర్ ఆదేశం ఆ ప్రక్రియ సంఖ్యను చూపుతుంది.
• రాయలేకపోవుట: టేపు డబ్బాపై ఉండే రక్షణ మీట మూసి ఉండవచ్చు, లేదా వాడుకరికి డ్రైవుపై అనుమతి లేకపోవచ్చు.
• చదివేటప్పుడు మెమరీ చాలదన్న సందేశం: ఇది తరచు సర్వరు మెమరీకి సంబంధించినది కాదు. టేపుపై ఉన్న బ్లాకు, చదవడానికి కోరిన పరిమాణం కన్నా పెద్దదైతే ఈ సందేశం వస్తుంది. టార్ మామూలుగా 10,240 బైట్ల బ్లాకులను వాడుతుంది. రాసినప్పుడు వేరే పరిమాణం ఇచ్చి ఉంటే, చదివేటప్పుడూ అదే ఇవ్వాలి.
• ఇన్‌పుట్/అవుట్‌పుట్ దోషం: డ్రైవు తల మాసిపోవడం, టేపు అరగడం, కేబులు వదులవడం దీనికి కారణాలు కావచ్చు. ముందుగా శుభ్రపరచే టేపు వాడి, ఆపై వేరొక టేపుతో ప్రయత్నిస్తారు. కెర్నెల్ సందేశాలలో మరిన్ని వివరాలు దొరుకుతాయి.
• వేగం తగ్గుట: సర్వరు సమాచారాన్ని తగినంత వేగంగా అందించలేకపోతే టేపు ఆగి, వెనుకకు జరిగి, మరల మొదలవుతుంది. దీనివలన టేపు, డ్రైవు రెండూ త్వరగా అరుగుతాయి.

పునరుద్ధరణ పరీక్ష

బ్యాకప్ దోషం లేకుండా ముగిసినంత మాత్రాన అది పనికివస్తుందని చెప్పలేము. టార్ ఆదేశంతో టేపులోని ఫైళ్ళ జాబితాను చూడవచ్చు, డిస్కులోని ఫైళ్ళతో పోల్చవచ్చు. కొన్ని ఫైళ్ళను వేరొక డైరెక్టరీలోకి తెచ్చి, తెరిచి చూడడం అంతకన్నా నమ్మకమైన పరీక్ష. వీలైతే దీనిని మరొక డ్రైవులో చేయాలి. తల అమరిక తప్పిన డ్రైవు తాను రాసిన టేపును తాను చదవగలిగినా, ఇతర డ్రైవులు దానిని చదవలేకపోవచ్చు.

ఇవి కూడా చూడండి

• యునిక్స్
• లినక్స్
• హార్డ్ డిస్కు