చీపురును యంత్రమును: పుదుచ్చేరి పారిశుద్ధ్య కార్మికుల నష్టపరిహార చరిత్ర

పుదుచ్చేరి నగరమును గూర్చి వ్రాసినవారు దాని వీథుల తీరును తప్పక ప్రశంసింతురు. సముద్రమునకు సమాంతరముగ కొన్నియు, అడ్డముగ కొన్నియు, గీచిన గీతలవలె సాగు ఆ వీథులను, ఊరిని తెల్లవారి పట్టణముగను నల్లవారి పట్టణముగను విడదీసిన పెద్దకాలువను వర్ణింతురు. ఆ వీథులను ప్రతిదినము తెల్లవారకమునుపే ఊడ్చి శుభ్రముచేసిన మనుష్యుల ప్రస్తావన మాత్రము వారి గ్రంథములలో అరుదు. పగిలిన సీసాముక్క తగిలి ఊడ్చువాని చేయి తెగినను, బండిక్రింద పడి కాలు విరిగినను, మురుగుగుంటలో ఊపిరాడక ప్రాణము పోయినను, ఆ నష్టమును భరింపవలసిన వారెవ్వరు అను ప్రశ్న చిరకాలము న్యాయశాస్త్రమునకు తట్టనేలేదు. తట్టిన పిమ్మటనైనను సూటియైన సమాధానము లభింపలేదు. ఈ ఆలస్యమునకు గల కారణము పాలకుల కాఠిన్యము మాత్రమే కాదు. నష్టపరిహార శాసనము పుట్టిన చోటునందే అది ఇమిడియున్నది.

పందొమ్మిదవ శతాబ్ది చివరివరకు ఐరోపాలో పనిచోట గాయపడిన కార్మికుడు యజమాని అజాగ్రత్తను తానే ఋజువు చేయవలసి యుండెను. కూలివానికి అది సాధ్యమగు పని కాదు. యంత్రశాలలు పెరిగి, ఎవరి తప్పును లేకయే చేతులు కాళ్లు తెగిపడుట నిత్యకృత్యము కాగా, ప్రమాదము పరిశ్రమతోపాటు పుట్టినదే కావున దాని ఖర్చును పరిశ్రమయే భరింపవలెనను భావము బలపడెను. జర్మనీ 1884లోను, బ్రిటను 1897లోను ఈ దారి త్రొక్కినవి. ఫ్రాన్సు 1898 ఏప్రిలు 9వ తేదీ శాసనముతో ఆ వరుసలో చేరెను. గృహనిర్మాణము, కర్మాగారములు, గనులు, రవాణా మొదలగు వానిని పేర్కొన్న పిమ్మట, మనుష్యుల బలముగాని జంతువుల బలముగాని కాక వేరొక శక్తిచే నడచు యంత్రమును వాడు పనిచోట్లన్నియు తనకు లోబడునని ఆ శాసనము చెప్పెను. చీపురును నడుపునది మనుష్యుని బలము. నాటి చెత్తబండిని లాగినది ఎద్దుల బలము. శాసనకర్తలు ఊడ్చువారిని ద్వేషించి వెలివేసిరని చెప్పరాదు. ఆవిరియంత్రము వైపు చూచుచున్న వారి కంటికి చీపురు ఆననేలేదు.

అది ఫ్రాన్సు తన స్వదేశమునకై చేసికొన్న శాసనము. కాని వలసలలో సైతము కార్మికుడనగా మిల్లుకార్మికుడే యను దృష్టి ఎంత బలముగ నుండెనో పుదుచ్చేరి చరిత్రయే చూపును. 1936 జూలై 30న సవానా మిల్లు వద్ద సమ్మెకట్టిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరుపగా పన్నెండుగురు మరణించిరి. వి. సుబ్బయ్య నాయకత్వమున సాగిన ఆ ఉద్యమము ఫలితముగా మరుసటి ఏట ఫ్రెంచి ప్రభుత్వము కార్మికశాసనమును సంస్కరించి ఎనిమిది గంటల పనిదినమును అంగీకరించెను. ఆసియా ఖండమున అట్టి హక్కు పొందిన తొలివారిలో పుదుచ్చేరి కార్మికులు చేరుదురు. ఆ గాథలో మగ్గముల చప్పుడు వినబడును, చీపురు చప్పుడు వినబడదు. 1880 నాటి ఆజ్ఞతో ఫ్రెంచి ఇండియాలో పురపాలక సంఘములు వెలసినవి. ఊడ్చువారు ఆ సంఘముల కొలువునకు చెందినవారు. లాభనష్టముల లెక్క లేని ఆ కొలువును పరిశ్రమ యని ఎవరు పిలుతురు?

వారిని గుర్తుపట్టిన పట్టిక వేరొకటి కలదు. 1962 ఆగస్టు 16న పుదుచ్చేరి న్యాయసమ్మతముగ భారతదేశమున విలీనమైన పిమ్మట, 1964లో రాష్ట్రపతి ఆజ్ఞ ద్వారా ఆ ప్రాంతపు షెడ్యూల్డు కులముల పట్టిక వెలువడెను. అందు ఆది ఆంధ్ర, మాదిగ, మాల, జాంబవులు అను పేర్లు కలవు. పాకీ, తోటి అను పేర్లును కలవు. ఇది తెలుగు పాఠకుడు ఒక్కక్షణము నిలిచి చూడదగిన పట్టిక. యానాము తెలుగుసీమ యగుటచే కొన్ని పేర్లు అందుండుట సహజమే. అంతకన్న విశేషమేమనగా, తమిళదేశపు పట్టణములలో మలమూత్రముల నెత్తి వీథుల నూడ్చినవారిలో తెలుగు మాతృభాషగా గలవారు ఎందరో తరతరములుగ నున్నారు. పాకీ యనునది మొదట పనిపేరు. అది కులముపేరై ప్రభుత్వ పత్రమున కెక్కెను. పుట్టుకనుబట్టి వ్రాసిన పట్టికలో వారికి చోటు దొరకెను. పనినిబట్టి వ్రాసిన పట్టికలో దొరకుటకు ఇంకను చాలకాలము పట్టెను.

సాహిత్యము ఈ విషయమున శాసనముకన్న ముందు నడచెను. తకళి శివశంకరపిళ్ళ 1947లో ప్రచురించిన మలయాళ నవల ‘తోట్టియుడె మకన్’ అలప్పుళ పట్టణపు పాకీవారి కథ. తన కుమారుడు ఆ పని చేయరాదని తపించు తండ్రి అందు నాయకుడు. పురపాలక సంఘము, మేస్త్రీ, కూలి, కూడబెట్టిన సొమ్ము, వాడను తుడిచిపెట్టు విషూచి: ఇవన్నియు ఒకే గొలుసులోని కొలుకులని ఆ రచయిత కనిపెట్టెను.

పనినిబట్టి వ్రాసిన పట్టిక యనగా 1923 నాటి భారత కార్మిక నష్టపరిహార చట్టమునకు జోడించిన రెండవ అనుసూచిక. విలీనానంతరము 1960 దశకమున కేంద్రశాసనములు క్రమముగ పుదుచ్చేరికి విస్తరింపగా ఈ పద్ధతియే అక్కడను నెలకొనెను. రైలు, కర్మాగారము, గని, ఓడ, రేవు: ఆ అనుసూచిక మొదటి స్వరూపము ఫ్రెంచి పట్టికకు తోబుట్టువే. భూగర్భమున మురుగుకాలువలను కట్టువారును బాగుచేయువారును అందు తొలినాళ్లలోనే చేరిరి. వీథు లూడ్చుపని చేరలేదు. పురపాలక పరిధిలో మురుగుకాలువలను, నిలువతొట్లను శుభ్రపరచువారను మాట తరువాతి కాలపు చేర్పు. యంత్రశక్తిచే నడచు బండికి సరకు నెత్తువారును దింపువారును కార్మికులే యని మరియొక పద్దు చెప్పెను. అనగా చెత్తలారీ వచ్చిన నాటికిగాని చెత్త నెత్తువాడు శాసనమునకు కనబడలేదు. లారీ వెనుక చీపురుతో నడచు స్త్రీ స్థితి మాత్రము సందిగ్ధముగనే నిలిచెను.

అయినను ఆ చట్టమున కార్మికులకు మేలుచేయు రెండు సూత్రములుండెను. వానిని తెలిసినవారు తక్కువ. స్థానిక సంస్థ తన విధులను నెరవేర్చుట దాని వ్యాపారముగనే భావింపబడునని ఒక సూత్రము. ఊరూడ్చుట వ్యాపారము కాదను వాదము దీనితో కూలిపోయెను. తన వ్యాపారములో భాగమైన పనిని కంట్రాక్టరు ద్వారా చేయించు అసలు యజమాని, తన సొంతపనివానికి వలెనే ఆ కంట్రాక్టరు పనివానికిని పరిహార మీయవలెననియు, పిదప కంట్రాక్టరునుండి రాబట్టుకొనవచ్చుననియు పండ్రెండవ సెక్షను చెప్పెను. ఈ రెంటిని జతపరచి చదివినచో పురపాలక సంఘము తప్పించుకొనుటకు దారియుండదు. అంతటి పదునుగల ఆయుధము న్యాయవాది బీరువాలో నుండెను. గాయపడినవానికి ఆ బీరువా దూరము.

మినహాయింపులు మాత్రము గడప యొద్దనే కాచుకొని యుండెను. అప్పుడప్పుడు పనికి పిలువబడి, యజమాని వ్యాపారమునకు గాక అతని సొంత అవసరమునకు పనిచేయువాడు చట్టపు నిర్వచనములో చేరకపోయెను. ఇంటి మరుగుదొడ్డి తొట్టిని ఖాళీచేయుటకు గృహస్థుడు ఒకపూట పిలుచుకొను మనుష్యుని ఈ మాటలు మినహాయించినంత సరిగా మరెవ్వరిని మినహాయింపలేదు. 2000 సంవత్సరపు సవరణతో ఆ మాటలు తొలగినవి. మద్యపానమువలన నేరుగా కలిగిన ప్రమాదమునకు యజమాని బాధ్యుడు కాడనునది మరియొక మినహాయింపు. మరణము సంభవించినచో అది వర్తింపదు. శాశ్వతమైన సంపూర్ణవైకల్యమునకును వర్తింపదని 1995లో చేర్చిరి. కాని ఒక కన్ను పోయినను, బొటనవ్రేలు తెగినను అది పాక్షిక వైకల్యమే. మురుగు దుర్గంధమును ఓర్చుకొనుటకు త్రాగి దిగువారు ఎందరో కలరు. పనియే త్రాగుడు నేర్పును. త్రాగుడే పరిహారమును కాజేయును.

అన్నిటికన్న సూక్ష్మమైన కత్తెర మూడుదినముల నియమము. పనిచేయలేని స్థితి మూడుదినములకు మించినప్పుడే గాయమునకు పరిహారము. నెలజీతగానికి ఇది చిన్న హద్దు. దినకూలి పారిశుద్ధ్య కార్మికురాలు, సీసాపెంకు గీచుకొని చేయి వాచినను, ఆసుపత్రి చెత్తలోని సూది గ్రుచ్చుకొన్నను, మరునాడే గుడ్డ చుట్టుకొని పనికి వచ్చును. రానినాటి కూలి రాదు గనుక. అట్లు వచ్చుటవలననే ఆమె గాయము శాసనదృష్టిలో గాయము కాకుండ పోవును. ఆ సూదినుండి రోగము మొలకెత్తుటకు నెలలు పట్టవచ్చును. కలుషితమగుటకు ప్రత్యేకావకాశముగల వృత్తులలో సోకు అంటురోగములు చట్టపు మూడవ అనుసూచికలో ఉన్నమాట నిజమే. ఏ సూది, ఏ దినమున, ఎవరి చెత్తలో ననునది చెప్పగల సాక్షి యెక్కడ?

పరిహారపు లెక్క నిర్దాక్షిణ్యమైన గణితము. మరణమునకు నెలజీతములో సగమును, వయస్సునుబట్టి నిర్ణయించిన గుణకముచే హెచ్చింతురు. నలువది ఏండ్లవానికి గుణకము 184.17. జీత మెంత యున్నను లెక్కకు గైకొను గరిష్ఠము 2010 నుండి 8,000 రూపాయలుగ నుండెను. అట్టివాని ప్రాణము విలువ 7,36,680 రూపాయలు. 2020 జనవరిలో ఆ హద్దును 15,000కు పెంచగా అదే ప్రాణము 13,81,275 రూపాయలయ్యెను. బొటనవ్రేలు పోయినచో సంపాదనాశక్తిలో నూటికి 30 వంతులు, ఒక కన్ను పోయినచో 40 వంతులు నష్టమని మొదటి అనుసూచిక తేల్చెను. చీపురు పట్టు చేతికి బొటనవ్రేలు ముప్పదివంతులేనా యని అడుగుటకు అందు తావులేదు.

మురుగుకాలువ మరణములకు వేరొక దారి ఏర్పడెను. మురుగులో పుట్టు హైడ్రోజను సల్ఫైడు వాయువు గాలికన్న బరువైనది. అది కొద్దిగ నున్నప్పుడు కుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టును. హెచ్చినప్పుడు వాసనపట్టు శక్తినే చంపును. కంపు పోయెనని లోనికి దిగినవాడు స్పృహతప్పి పడును, వానిని లాగుటకు దిగినవాడును పడును. ఆ వాయువు బలమెట్టిదో పుదుచ్చేరి ప్రజలు 2024 జూన్ 11న చూచిరి. రెడ్డియార్‌పాళయములోని పుదునగరులో భూగర్భ మురుగుకాలువనుండి విషవాయువు ఇండ్ల మరుగుదొడ్లలోనికి ఎగదన్ని, ఒక బాలికతో కూడ ముగ్గురు మరణించిరి. వారు పారిశుద్ధ్య కార్మికులు కారు. తమ యిండ్లలో నున్నవారు. నాడు ఊరంతయు భయపడిన ఆ గాలిలోనికే మురుగుపనివారు దిగుచుండిరి.

మనుష్యునిచే మలమెత్తించుటను 1993 చట్టము నిషేధించెను. 2013 చట్టము, రక్షణసాధనములు లేకుండ మురుగుకాలువలోనికి దింపుటనుకూడ నేరము చేసెను. 1993 మొదలు మురుగుకాలువలలో మరణించిన ప్రతివాని కుటుంబమునకు 10 లక్షల రూపాయలీయవలెనని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఆదేశించెను. 2023 అక్టోబరు 20న అదే న్యాయస్థానము మరణమునకు 30 లక్షలు, శాశ్వతవైకల్యమునకు 20 లక్షలు, ఇతర వైకల్యములకు 10 లక్షలకు తగ్గకుండ చెల్లింపవలెనని తీర్పుచెప్పెను. పెద్ద మొత్తములే. కాని నిషిద్ధమైన పనికి పంపితిమని ఒప్పుకొను యజమాని ఉండడు. చచ్చినవాడు తానే దిగెనని చెప్పువారే కనబడుదురు. నేరమని ప్రకటించిన కొలది ఆ పని చీకటిలోనికి ఒదిగినది. పైగా ఈ తీర్పుల వెలుతురు మురుగుగుంట అంచువరకే. వీథిలో లారీ తగిలి పడిన స్త్రీకి పాత గణితమే గతి.

పుదుచ్చేరి నగరమునను, దానిని ఆనుకొనియున్న ఉళవర్‌కరై పురపాలక సంఘమునను, చెత్త యెత్తుపని ప్రైవేటు కంట్రాక్టర్ల చేతిలోనికి పోయినది. మురుగుకాలువలు ప్రజాపనుల శాఖవి, వీథులు పురపాలక సంఘమువి, మనుష్యులు కంట్రాక్టరువారు. జీతము హద్దునకు లోబడిన కంట్రాక్టు కార్మికులను రాజ్యబీమా పథకములో చేర్పవచ్చును. 1923 చట్టము అమలులో నున్నంతకాలము, చేరినవారు అదే గాయమునకు ఆ చట్టము క్రింద కోరరాకుండెను. చందా కట్టినట్లు నమ్మించి కట్టని కంట్రాక్టరు దొరికినచో ఆ కార్మికుడు రెండు తలుపుల నడుమ నిలువబడును.

2025 జూలైలో సుప్రీంకోర్టు, తెల్లవారుజామున పనికి పోవుచు మార్గమధ్యమున మరణించిన ఒక చక్కెర కర్మాగారపు కావలివాని కేసులో, ఇంటినుండి పనిచోటికి పోవు ప్రయాణముకూడ సందర్భమునుబట్టి పనిలో భాగమే కావచ్చునని చెప్పెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి 1923 చట్టము స్థానము నాక్రమించిన సామాజిక భద్రతా స్మృతిలో ఆ సూత్రము వ్రాతపూర్వకముగనే ఉన్నది. కడలివీథి ఊడ్చువారు దీపములు ఆరకమునుపే ఇల్లు విడుతురు కావున ఇది వారికి పనికివచ్చు సూత్రమే. ఆ వేకువ నడక ఎవరి పనికి పోవు నడకయో చూపవలసిన మస్టరు పుస్తకము కంట్రాక్టరు మేస్త్రీ చంకలో ఉండును. అందు ఆమె పేరుండవచ్చును, వ్రేలిముద్ర యుండవచ్చును, లేదా నెలకొకసారి మారు వేరొక కంట్రాక్టరు ముద్ర మాత్రమే యుండవచ్చును.